దుకాణం తెరుస్తున్నాను, మీ వీణల సంగతి ఇదీ

మా దగ్గర వీణలు ఉంచిన సంగీతోపాధ్యాయులకు, విద్యార్థులకు, వారి తల్లిదండ్రులకు నమస్కారాలు.

ఫిబ్రవరిలో ‘నడుముకు ఆపరేషన్, నెల రోజుల్లో వచ్చేస్తాను’ అని చెప్పి మూసిన ఈ విజయవాడ దుకాణాన్ని, దాదాపు ఎనిమిది నెలల తర్వాత దసరాకు ముందు తెరుస్తున్నాను. ఈ మధ్యలో మీరు ఫోన్ చేసినప్పుడల్లా మా అబ్బాయి చెప్పిన ‘వచ్చే వారం’ అనే మాట నేను చెప్పించినదే. అది నిజం కాదని నాకు తెలుసు. అందుకు క్షమించండి.

ముప్పై ఏళ్లుగా నేల మీద బాసీపట్టు వేసుకుని, వీణ మీదికి వంగి మేళం కడుతూ (మైనం మీద మెట్లను శ్రుతికి నిలబెడుతూ) వచ్చినవాణ్ని. నడుము దగ్గర ఎల్4, ఎల్5 వెన్నుపూసల మధ్య డిస్కు జారి నరాన్ని నొక్కడంతో ఎడమ కాలు మొద్దుబారింది. స్క్రూలు, కడ్డీలు వేసి ఆ రెండు పూసలను కలిపారు. కాలి నొప్పి మర్నాటికే పోయింది. మూడో వారంలో మాత్రం వేరే రకం నొప్పి మొదలైంది: పడుకున్నా తగ్గదు, రాత్రిళ్లు ఎక్కువవుతుంది, సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడుతుంది, కుట్ల దగ్గర చెమ్మ కనబడుతుంది. షుగరున్న మనిషిని, ఆ రోజే డాక్టరుకు చూపించుకోవలసింది. పారాసిటమాల్ వేసుకుంటూ పది రోజులు గడిపాను. ఆ తప్పు పూర్తిగా నాది.

సీఆర్‌పీ, ఈఎస్ఆర్ (ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ జాడ చెప్పే రక్తపరీక్షలు) బాగా పెరిగాయి, ఎమ్మారైలో ఎముకకు ఇన్ఫెక్షన్ సోకినట్టు తేలింది. రెండోసారి కోసి, చీము కడిగి, తీసిన నమూనాను కల్చర్‌కు పంపితే స్టెఫైలోకాకస్ ఆరియస్ అని వచ్చింది. చాలామంది ముక్కులోను, చర్మం మీద ఏ హానీ చేయకుండా ఉండే సూక్ష్మజీవే అది. ఎముకలోకి మందు అంత తేలిగ్గా చేరదు, లోహం మీద ఆ క్రిములు పొరలా పేరుకుంటే అసలే చేరదు కనుక, చేతి నరంలోంచి గుండె దగ్గరి దాకా సన్నని గొట్టం వేసి ఎనిమిది గంటలకొకసారి చొప్పున 6 వారాలు సెఫజోలిన్ అనే యాంటీబయాటిక్ ఎక్కించారు, ఆ తర్వాత మూడు నెలలు మాత్రలు వాడాను. పూసలు ఇంకా అతుక్కోలేదు కాబట్టి స్క్రూలు తీయలేదు. వరుసగా రెండు పరీక్షల్లో సీఆర్‌పీ మామూలుగానే ఉంది; అయినా ఏడాది పాటు గమనిస్తూ ఉండాలన్నారు.

ఇక పని మాట. కుర్చీలో నలభై నిమిషాలు కూర్చోగలను. వంగకూడదు, వీణను ఎత్తకూడదు. అందుకని నడుము ఎత్తున బల్ల చేయించుకున్నాను. తేనె మైనంలో మసి కలిపి కాచి, పోసి, 24 మెట్లనూ ఒక్కొక్కటిగా శ్రుతికి నిలబెట్టే పని రెండు రోజుల్లో అయ్యేది, ఇప్పుడు వారం పడుతుంది. మా మేనల్లుడు తీగలు మార్చగలడు, బిరడలు (తీగలు బిగించే మరలు) సరిచేయగలడు. మేళం అతని చేతికి ఇంకా ఇవ్వలేదు, ఇచ్చానని మీకు అబద్ధం చెప్పను. మెట్టు వెంట్రుకవాసి జరిగినా గాంధారం వినగానే మీకు తెలిసిపోతుంది కదా!

పనసదుంగ తొలిచి కొత్త వీణ చేయడం ఈ ఏడాదికి ఆపేశాను. ఆ ఆర్డర్లు రెండిటికీ తీసుకున్న అడ్వాన్సు మొత్తం ఈ నెలలోనే తిరిగి ఇస్తాను. మరమ్మతుకు వచ్చినవి పదకొండు ఉన్నాయి. వాటిలో రెండింటికి, మూసి ఉన్న గదిలో మే నెల వేడికి మైనం మెత్తబడి మెట్లు జారాయి. అది నా నిర్లక్ష్యమే కాబట్టి వాటికి ఉచితంగా మేళం కడతాను. సరస్వతీ పూజ నాటికి నాలుగు మాత్రమే సిద్ధమవుతాయి, అవి ఎవరివో వారికి ఈపాటికే చెప్పాను. మిగిలినవారు ఆగలేమనుకుంటే నిస్సంకోచంగా తీసుకెళ్లి మరొకచోట చేయించుకోవచ్చు. అడ్వాన్సు ఇచ్చి ఉంటే అదీ తిరిగి ఇస్తాను.

దుకాణం ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 1 వరకే ఉంటుంది. వచ్చేముందు ఫోన్ చేయండి. వీణ ఎత్తడానికి తోడుగా ఒకరిని వెంట తెచ్చుకోండి.