చెరిపించే ముందు చదివించరా

ఒరేయ్ రవీ,

నీ ఉత్తరం అందింది. చదివిన దగ్గర్నుంచీ కడుపు రగిలిపోతోంది. వారంటీ ఉన్నన్నాళ్లూ "ఏం లేదు సార్, సెన్సార్ ప్రాబ్లం, క్లియర్ చేశాం" అని పంపించేసినవాళ్లు, గడువు దాటీ దాటగానే నీ కారులో అదే చెక్ ఇంజిన్ లైటుకి కాటలిటిక్ కన్వర్టర్ (సైలెన్సర్ దారిలో ఉండి పొగలోని విషవాయువుల్ని తగ్గించే భాగం) మార్చాలంటే ఎవరికి మాత్రం ఒళ్లు మండదు? అంత టెన్షన్‌లోనూ నోరు జారలేదన్నావు చూడు, మంచి పని చేశావు. మాట మర్యాదగానే ఉంచు. కన్వర్టర్‌కి మాత్రం అప్పుడే ఒప్పుకోకు.

ముందు ఒక్కటి చూడు. లైటు నిలకడగా వెలుగుతోందా, బ్లింక్ అవుతోందా? బ్లింక్ అవుతుంటే ఏదో సిలిండర్ గట్టిగా మిస్సవుతోందన్నమాట, అంటే అందులో పెట్రోలు సరిగ్గా మండట్లేదు. కాలని పెట్రోలు సైలెన్సర్ వైపు పోయి కన్వర్టర్ లోపల మండుతుంది, దాన్ని నిజంగానే పాడుచేస్తుంది. అలాగైతే బండి పక్కన ఆపేసి, టోయింగ్ పెట్టించి తీసుకెళ్లు. నిలకడగా ఉండి, టెంపరేచర్ మామూలుగా ఉండి, ఆయిల్ లైటు రాకుండా, పికప్ తగ్గకుండా ఉంటే కంగారు లేదు. చూపించేదాకా నెమ్మదిగా తోలుకోవచ్చు.

ఇక వాళ్లు చేసిన క్లియరింగ్ సంగతి. స్కానర్ పెట్టి క్లియర్ కొడితే పోయేది లైటొక్కటే కాదు, కోడ్‌తో (లోపానికి ఇంజిన్ కంప్యూటర్ రాసుకునే నంబరు) పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది. అంటే లోపం పట్టుబడిన క్షణంలో ఇంజిన్ ఎంత ఆర్‌పీఎంలో ఉంది, ఎంత వేడిగా ఉంది, బండి ఎంత స్పీడులో ఉంది అన్న లెక్కంతా. జబ్బేమిటో తేల్చకుండా జ్వరం బిళ్ల వేసి పంపడం లాంటిదే ఇది. పైగా చాలా లోపాలకి, వరసగా రెండు ప్రయాణాల్లో కనిపిస్తేనే లైటు వెలుగుతుంది. అందుకే సర్వీస్ సెంటర్ నుంచి బయటికొచ్చిన కొన్నాళ్లు బాగానే ఉన్నట్టుంటుంది, ఆ తర్వాత మళ్లీ మొదలు. బ్యాటరీ టెర్మినల్ తీసి పెట్టమని ఎవరైనా సలహా ఇస్తారు. వద్దు. చాలా బళ్లలో దానివల్ల కూడా ఆ లెక్క చెరిగిపోతుంది. ఒకవేళ లైటు తనంతట తనే ఆరినా స్కాన్ చేయించు, కోడ్ కొన్నాళ్లపాటు మెమరీలోనే ఉంటుంది.

స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. చిన్న బ్లూటూత్ స్కానర్ దానికి పెడితే ఫోన్‌లోనే అన్నీ కనిపిస్తాయి. కన్వర్టర్ అన్నారు కాబట్టి నీది పీ0420 అయ్యుండొచ్చు. ఆ కోడ్‌కి అర్థం కన్వర్టర్ సరిగ్గా పనిచేస్తున్నట్టు కనిపించడం లేదని, అంతవరకే. దానికి ముందూ వెనకా ఉన్న రెండు ఆక్సిజన్ సెన్సార్లను పోల్చి ఇంజిన్ కంప్యూటర్ ఆ మాట చెప్తుంది. వెనక సెన్సార్ పాడైనా, ఎగ్జాస్ట్ పైపులో లీకున్నా అదే కోడ్ రావచ్చు. ఆ రెండూ చూశారా, చూస్తే ఏం తేలింది అని అడుగు. జవాబు లేకపోతే ఆ పార్టు కొనకు.

నా బండికొచ్చింది పీ0171. గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అని. అక్కడా సెన్సార్ మార్చాలనే అన్నారు. బయట ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్తే, ఏదీ విప్పకుండా ముందు ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోలు ఎంత పెంచుతోందో, తగ్గిస్తోందో చూపే అంకె) చూశాడు. ఐడిల్‌లో కంప్యూటర్ 20 శాతం పైగా పెట్రోలు అదనంగా కలుపుతోంది. ఆయన యాక్సిలరేటర్ తొక్కి 2500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచితే ఆ అంకె దాదాపు సున్నాకి దిగింది. "ఇది సెన్సార్ కాదు బాబూ, ఎక్కడో గాలి లాగుతోంది" అన్నాడు. లోపలికి పొగ పంపి లీకు పట్టే స్మోక్ టెస్ట్ పెడితే, ఇంజిన్‌లోకి గాలి వెళ్లే ఇన్‌టేక్ మానిఫోల్డ్ వెనకాల రబ్బరు గొట్టం వంపులో పొగ వచ్చింది. పైకి చూస్తే గొట్టం శుభ్రంగా ఉంది. బొటనవేలితో నొక్కి వంచితే అడుగున చీలిక తెరుచుకుంది. ఆ ముక్క మార్చాక లైటు మళ్లీ రాలేదు. ఏ పార్టు మార్చాలన్నా ముందు ఇలా ఒక అంకె చూపించి చెప్పేవాడినే నేను నమ్ముతాను.

ఇప్పుడు నీకు అసలు బలం కాగితాల్లో ఉంది. వారంటీలో ఉండగా ఇచ్చిన జాబ్ కార్డులన్నీ బయటికి తియ్యి. వాటిలో చెక్ ఇంజిన్ లైటు అని రాసి, తేదీ, కిలోమీటర్లు ఉంటే, లోపం గడువు లోపలే మొదలైందనీ, బాగుచెయ్యకుండా చెరిపేశారనీ అదే సాక్ష్యం. కొన్నిట్లో జనరల్ చెకప్ అని మాత్రమే రాసి ఉంటారు. అప్పుడు వాళ్ల కంప్యూటర్‌లో ఉన్న సర్వీస్ హిస్టరీ ప్రింట్ అడుగు. ఇవి పెట్టి నేరుగా కంపెనీ కస్టమర్ కేర్‌కి రాయి, ఫోన్‌లో మాట్లాడి వదిలెయ్యకు. గడువు దాటినా గుడ్‌విల్ కింద పార్టు ఖర్చు మొత్తమో కొంతో కంపెనీలు భరించిన సందర్భాలున్నాయి. వారంటీ పుస్తకం కూడా చివరిదాకా చదువు. పొగకి సంబంధించిన భాగాలకి కొన్నిసార్లు వేరే గడువు ఉంటుంది, కన్వర్టర్ అందులోకే వస్తుంది.

కోడ్ నంబరు, ఫ్రీజ్ ఫ్రేమ్ స్క్రీన్‌షాట్, జాబ్ కార్డుల ఫోటోలు నాకు పంపు. కంపెనీకి రాయాల్సిన లెటర్ నేను డ్రాఫ్ట్ చేసి పంపిస్తాను, తేదీలు నువ్వు సరిచూసుకో. అది వెళ్లేదాకా ఎవరినీ క్లియర్ కొట్టనివ్వకు.

నీ
శ్రీను