కార్డు మూలలు గుండ్రంగా కత్తిరించిన మేడంకి

నిన్న వెయిటింగ్ హాల్లో మా పక్క బెంచీ మీద కూర్చున్న మేడం, మీ పేరు అడగడం మర్చిపోయాం. ఈ పోస్టు మీ కంట పడుతుందో లేదో తెలీదు. రాయకపోతే మాత్రం ఈ రాత్రి నిద్ర పట్టేలా లేదు. ఒళ్లు హూనమై ఉంది, తప్పులుంటే సర్దుకోండి.

మాటలు రాని ఆరేళ్ల పిల్లాడు, వాడి మెడలో బొమ్మల కార్డుల గుత్తి, చుట్టూ "ఏం కావాలి? కార్డు ఇవ్వు, ఏం కావాలి?" అంటూ మేము. మీకు కనబడింది అంతే. వాడు మీ దగ్గరికి వచ్చే పిల్లాడు కాదు, మీ డ్యూటీ కూడా అప్పటికే అయిపోయింది. అయినా లేచొచ్చి వాడి వెనక నేల మీద కూర్చున్నారు. బుడగల సీసా నా చేతికిచ్చి నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, మాట్లాడొద్దని వేలితో సైగ చేశారు.

ఇలాంటి పిల్లలున్న వాళ్ల కోసం ఆ నలభై నిమిషాల్లో ఏం జరిగిందో వివరంగా రాస్తున్నాను. మాటకి బదులు బొమ్మ కార్డు చేతికిచ్చి కావాల్సింది అడగడం నేర్పే ఈ పద్ధతిని పెక్స్ అంటారు. 1985లో అమెరికాలోని డెలావేర్‌లో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ మొదలుపెట్టింది. మొత్తం ఆరు దశలు. మొదటి దశకి ఇద్దరు పెద్దవాళ్లు కావాలి, తప్పేది దాదాపు అందరికీ అక్కడే. ఎదురుగా ఉన్న మనిషి వస్తువు చూపించి ఊరుకోవాలి. పిల్లాడు దాని కోసం చెయ్యి చాచగానే, వెనకున్న మనిషి ఆ చేతిని పట్టుకుని కార్డు తీయించి, ఎదుటి మనిషి అరచేతిలో పెట్టించాలి. కార్డు చేతిలో పడ్డ అర సెకనులోపే వస్తువు ఇస్తూ దాని పేరు చెప్పాలి. "బుడగలు!" అంతే. "శభాష్, కార్డు ఇచ్చావే" లాంటివి వద్దు. వెనకున్న మనిషి మొదటి నుంచి చివరిదాకా నోరు విప్పకూడదు.

"ఏం కావాలి?" అని అడిగితే ఏం పోతుంది? అడిగితేనే ఇవ్వాలని అలవాటైపోతుంది. ఎవరూ అడగకపోతే ఆకలేసినా, నొప్పొచ్చినా అలా కూర్చునే ఉంటాడు. అరచెయ్యి ముందే చాపి ఉంచినా అదే గొడవ, చెయ్యి కనబడేదాకా కదలడు. ఆ ప్రశ్నకి జవాబివ్వడం ఐదో దశలో నేర్పేది. మేము ఎనిమిది నెలలుగా మొదటి రోజు నుంచీ దాన్నే అడుగుతున్నాం.

వెనక నుంచి సాయం తగ్గించడం కూడా చివరి నుంచి మొదటికి. ముందు కార్డు వదిలేటప్పుడు చెయ్యి తీసేశారు, తర్వాత చాచేటప్పుడు, ఆఖరున కార్డు తీసేటప్పుడు. ఒక్కో కార్డుకి రెండుసార్లే ఊది మూత పెట్టేయమన్నారు. సీసా మొత్తం వాడికే ఇచ్చేస్తే ఇక అడగాల్సిన పనేముంది? పదిహేనో పదహారో సారికి మీ చేతులు రెండూ మీ ఒళ్లోనే ఉన్నాయి. వాడు తనంతట తనే కార్డు తీసి నా చేతిలో పెట్టాడు. అప్పుడు కూడా మీరు చప్పట్లు కొట్టలేదు. నన్ను రెండడుగులు వెనక్కి జరిగి పక్కకి తిరగమన్నారు. మనిషి చూడకపోయినా వెతుక్కుంటూ వెళ్లి ఇవ్వాలట, అది రెండో దశ.

అక్కడిదాకా బాగానే ఉన్నాను. తర్వాత మీరు వాడి కింది పెదవి వేలితో మెల్లగా కిందికి లాగి చూశారు. లోపల సన్నటి గీత. దాని గురించి వాడి ఫైల్లో "తనను తాను గాయపరుచుకుంటాడు" అని రాసి ఉంది. మేమూ కొరుక్కుంటున్నాడనే అనుకున్నాం. మీరు ఒక కార్డు తీసి దాని మూలని నా బొటనవేలికి గుచ్చి చూపించారు. లామినేషన్ చేయించిన రెండంగుళాల కార్డు, నాలుగు మూలలూ సూదుల్లా. వాడు ప్రతి కార్డునీ ఇచ్చేముందు నోటికి ఆనించుకుంటాడు.

సంచిలోంచి కత్తెర తీసి మొత్తం ఇరవై రెండు కార్డుల మూలలూ గుండ్రంగా కత్తిరించారు. బొమ్మ చుట్టూ మూడు మిల్లీమీటర్ల ప్లాస్టిక్ అంచు వదులుతూ, ఎందుకంటే కాగితం దాకా కోస్తే పొర విడిపోయి ఎంగిలి లోపలికి దిగుతుందని. కార్డుల వెనకున్న గరుకు వెల్క్రో పీకేసి మెత్త వైపు అంటించారు, గరుకుది కార్డులు అంటించుకునే పుస్తకానికి ఉంచమన్నారు. ఒక్కో మూల కత్తిరించాక మీ పెదవికి ఆనించి చూసుకున్నారు చూడండి, ఎనభై ఎనిమిది మూలలూ. అక్కడ నా వల్ల కాలేదు. బాత్రూంలోకి ఎందుకెళ్లానో మీకు తెలిసే ఉంటుంది.

ఇక ఈ మాట అనకుండా ఉండలేను. ఫైల్లో ఆ వాక్యం రాసినవాళ్లు ఒక్కరైనా వాడి నోరు తెరిచి చూశారా? ఎక్కడికెళ్లినా అదే ఫారం, అవే ప్రశ్నలు, మళ్లీ మొదటి నుంచి. ఇద్దరు మనుషులు కావాల్సిన పనికి సగం మనిషిని ఇస్తారు, ఆ సగానికీ ఇంకో ఐదుగురు పిల్లలు. ఇంతకుముందు చదివిన చోట కార్డులు పోతాయని పుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం వేసేవారు, బొమ్మల క్లాసప్పుడే బయటికి తీసేవారు. మాట్లాడే పిల్లాడి నాలుక ఎవరైనా బీరువాలో పెడతారా? అల్లరి చేస్తే కార్డులు లాగేసుకోవడం ఇంకో శిక్ష. "బొమ్మలు అలవాటైతే ఇక మాటలు రావు" అనేవాళ్లు సరేసరి. మిల్లర్, లైట్, ష్లోసర్ అనే పరిశోధకులు 2006లో ఇలాంటి పద్ధతుల మీద వచ్చిన పాత పరిశోధనలన్నీ జల్లెడ పట్టి నమ్మదగ్గ 27 మంది వివరాలు చూస్తే, ఒక్కరికీ మాట తగ్గలేదు. ఎక్కువమందికి ఎంతో కొంత పెరిగింది కూడా.

మీరు చెప్పిన మిగతావి మర్చిపోకముందే రాసిపెడుతున్నాను. మూడో దశలో రెండు కార్డులు పెట్టేటప్పుడు ఒకటి బాగా ఇష్టమైనది, ఇంకోటి అస్సలు అక్కర్లేనిది ఉండాలి. రెండూ ఇష్టమైనవే పెడితే బొమ్మ చూసి తీస్తున్నాడో, చేతికి అందింది తీస్తున్నాడో మనకి తెలిసే దారి ఉండదు. తప్పు కార్డు ఇస్తే "కాదు" అనకుండా ఆ వస్తువే ఇచ్చేయాలి, వాడి మొహమే చెబుతుంది. అప్పుడు సరైన బొమ్మ చూపించి, వాడి చేత ఇప్పించి, మధ్యలో వాడికి బాగా వచ్చిన వేరే పని ఒకటి చేయించి, మళ్లీ మొదటి నుంచి. ఆ మధ్య పని మానేస్తే ఇప్పుడే చూసింది చూసినట్టు ఇస్తాడంతే, నేర్చుకున్నట్టు కాదు. ఇంకోటి, మా గుత్తిలో ఉన్నవన్నీ "కావాలి" కార్డులే. "చాలు" అనే కార్డు లేదని మీరు చెప్పేదాకా మాకు తట్టలేదు. ఇవాళ పొద్దున చేశాం, ఇప్పటికే నాలుగుసార్లు వాడాడు, మూడుసార్లు నా మీదే.

అమ్మకి, మా ఆయనకి, పెద్దదానికి థాంక్స్. వాళ్లకి తెలుసు.

అయ్యో, లామినేషన్ షాపు తమ్ముడు, కార్డు జారకుండా ఒక్కొక్కటీ విడిగా మిషన్లో పెట్టావు, నీకు కూడా. హాల్లో లైట్లు ఆర్పేసే టైమైనా మమ్మల్ని లేపకుండా చీపురు పక్కన పెట్టి నిలబడ్డ ఆయమ్మకి. బుడగల నీళ్లు నేలంతా పడితే తుడిచింది కూడా ఆవిడే. ఇంకా ఎవరో ఉన్నారు... ఆ, తన బుడగల సీసా ఇచ్చి తిరిగి అడగని ఎర్ర చొక్కా పాప.

మేడం, మీ నీలం పిడి కత్తెర మా సంచిలో వచ్చేసింది. ఎక్కడికి తెచ్చివ్వమంటారో చెప్పండి.