దీపావళికి ముందు ఆగమన్నది నేనే: గ్రాఫిక్స్ కార్డుల ధరల గురించి మా కస్టమర్లకు

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోని మా చిన్న దుకాణంలో కంప్యూటర్లు అసెంబుల్ చేయించుకున్న వారికీ, వాట్సాప్‌లో రోజూ రేట్లు అడిగే వారికీ ఈ ఉత్తరం రాస్తున్నాను. 2025 అక్టోబరులో, దీపావళికి ముందు, కంప్యూటర్ తెర మీద ఆటల బొమ్మలను నడిపే గ్రాఫిక్స్ కార్డు ఇప్పుడు తీసుకోవాలా, ఆగాలా అని మీలో ఎంతోమంది నన్ను అడిగారు. సంక్రాంతి దాకా ఆగండి, ఇంకా తగ్గుతుంది అని అందరికీ ఒకటే సమాధానం చెప్పాను. ఆ మాట తప్పయింది. సంక్రాంతి వెళ్లిపోయింది, ధరలు తగ్గకపోగా పెరిగాయి, నన్ను నమ్మి ఆగినవారు ఇప్పుడు అదే కార్డుకు ఎక్కువ డబ్బు పెట్టవలసి వస్తోంది. ఇందులో మార్కెట్ తప్పు ఎంత, నా తప్పు ఎంత అన్నది దాచకుండా చెప్పడం నా బాధ్యత.

ఆ సలహా ఎందుకు ఇచ్చానో ముందు చెప్పాలి. 2021 ఫిబ్రవరిలో ఎన్విడియా కంపెనీ తన ఆర్‌టీఎక్స్ 3060 కార్డు మన దేశంలో 29,500 రూపాయల నుంచి మొదలవుతుందని ప్రకటించినా, ఆ ధరకు అది మా కౌంటర్ మీదికి ఒక్క రోజు కూడా రాలేదు. క్రిప్టో మైనింగ్ చేసేవారు (కార్డులతో లెక్కలు చేయించి డిజిటల్ నాణేలు సంపాదించేవారు) కార్డులను పెట్టెలకు పెట్టెలు ఎత్తుకుపోతూ ఉండగా, ఆడుకోవడానికి ఒక్క కార్డు కావలసిన పిల్లలు దాదాపు రెట్టింపు పెట్టవలసి వచ్చింది. అప్పుడూ నేను ఆగమనే చెప్పాను. 2022 సెప్టెంబరు 15న ఎథీరియం అనే డిజిటల్ నాణెం తన పద్ధతిని మార్చుకోవడంతో గ్రాఫిక్స్ కార్డులతో దాన్ని మైనింగ్ చేసే పని ఒక్క రోజులో ఆగిపోయింది. అంతకు కొన్ని నెలల ముందు నుంచే దిగుతున్న ధరలు ఆ తర్వాత దారిలోకి వచ్చాయి, ఆగినవారిలో కొందరు దుకాణానికి స్వీట్లు కూడా పట్టుకొచ్చారు. 2025 మొదట్లో ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌కు వచ్చిన కొరత ఏడాది చివరికి సడలి, కార్డులు ప్రకటించిన ధరల దగ్గరికి వచ్చినప్పుడు, నేను మళ్లీ అదే జరుగుతోందని అనుకున్నాను. ఒకసారి నిజమైన మాట మీద నాకు అతి నమ్మకం ఏర్పడింది.

నేను చిప్పును చూశాను గాని దాని చుట్టూ ఉన్న మెమరీని చూడలేదు. కార్డు మీద ఎన్విడియా చిప్పు ఉన్నా, దాని పోటీదారు ఏఎండీ చిప్పు ఉన్నా, దానికి బొమ్మల సమాచారాన్ని పట్టి ఉంచే జీడీడీఆర్ మెమరీ లేకపోతే అది కార్డే కాదు. ఆ మెమరీని ప్రపంచం మొత్తానికి పెద్ద ఎత్తున తయారు చేసేవి శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ అనే మూడు కంపెనీలు. ఏఐ సర్వర్లకు కావలసిన హెచ్‌బీఎం మెమరీని తయారు చేసేవీ ఆ మూడే. హెచ్‌బీఎంలో లాభం ఎక్కువ, పైగా ఒక గిగాబైట్ హెచ్‌బీఎంకు మామూలు కంప్యూటర్ ర్యామ్ (డీడీఆర్5) కంటే సుమారు మూడింతల సిలికాన్ వేఫర్, అంటే చిప్పులు తయారయ్యే పలుచని బిళ్ల, ఖర్చవుతుంది, కాబట్టి అటు కొద్దిగా పెరిగినా ఇటు చాలా తరుగుతుంది. 2025 అక్టోబరులో చాట్‌జీపీటీ తయారు చేసే ఓపెన్‌ఏఐ శాంసంగ్‌తోనూ, ఎస్‌కే హైనిక్స్‌తోనూ ఒప్పందానికి వచ్చి నెలకు 9 లక్షల వేఫర్ల దాకా మెమరీ కావాలన్న వార్తను నేను చదివాను, చదివి పక్కన పెట్టాను. మీకు ఆగమని చెబుతున్న రోజులూ అవే. నవంబరులో ర్యామ్ రేటు పూటకో తీరుగా మారడం మొదలైంది. డిసెంబరు 3న మైక్రాన్ తన క్రూషియల్ బ్రాండు పేరిట మామూలు వినియోగదారులకు అమ్మే వ్యాపారాన్నే మానుకుంటున్నట్టు ప్రకటించింది. ఇరవై ఏళ్లకు పైగా ఈ సరుకు మధ్యే బతుకుతున్న నాకు ఆ ప్రకటన చూశాక గాని విషయం పూర్తిగా తలకెక్కలేదు.

ఇక మా దుకాణంలో జరిగినది చెబుతాను. ర్యామ్ ధర కదలడం చూసి, నవంబరు మూడో వారంలో 11 మంది ఆర్‌టీఎక్స్ 5060 టీఐ 16 జీబీ కార్డు ఉన్న సిస్టమ్‌లకు అడ్వాన్స్ కట్టారు. సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్లేలోపు ఇస్తానని వారికి మాట ఇచ్చాను. ఆ మాట గాలిలో ఇచ్చింది కాదు. తొమ్మిదేళ్లుగా సరుకు తెచ్చుకుంటున్న డిస్ట్రిబ్యూటర్ దగ్గర అదే రోజు 11 కార్డులకు రేటు ఖాయం చేసుకుని, ప్రొఫార్మా ఇన్‌వాయిస్ (బిల్లుకు ముందు రాసిచ్చే రేటు కాగితం) తీసుకుని, సగం సొమ్ము వారి ఖాతాకు పంపాను. తొమ్మిదేళ్లలో వారికి ఇచ్చిన చెక్కు ఒక్కటి కూడా తిరిగి రాలేదు. కరోనా రోజుల్లో రెండు నెలలు షట్టర్ తెరవకపోయినా బాకీ మాత్రం తేదీ దాటనివ్వలేదు.

డిసెంబరు మూడో వారంలో స్టాక్ రాలేదన్నారు. నాలుగు రోజుల తర్వాత మళ్లీ అదే మాట చెప్పారు. ఆ సాయంత్రమే అదే కంపెనీ, అదే మోడల్ కార్డులు మా కింది అంతస్తులోని ఒక దుకాణంలో దొంతరగా కనిపించాయి. ఆ దుకాణదారు నాకు స్నేహితుడు, అవి మా డిస్ట్రిబ్యూటర్ నుంచే వచ్చాయన్నది దాచలేదు. మరునాడు నేనే డిస్ట్రిబ్యూటర్ గోడౌన్‌కు వెళ్లాను. గంటన్నర కూర్చోబెట్టాక, మా ఖాతా చూసే కుర్రవాడు బయటికి వచ్చి, "అన్నా, మార్కెట్ అట్లుంది, నేనేం చేయలేను" అని మొదలుపెట్టి, పాత రేటు చెల్లదనీ, కొత్త రేటుకైనా కావాలంటే ప్రతి రెండు కార్డులకు ఒక మదర్‌బోర్డు, ఒక ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే డబ్బా) కలిపి తీసుకోవాలనీ చెప్పాడు. ఆ మదర్‌బోర్డులు ఏ మోడలో అడిగాను. ఏడాదిగా ఎవరూ అడగని సరుకు అది. దాన్ని నా అల్మరాలో పెట్టుకుంటే నా డబ్బు ఇరుక్కుంటుంది, పెట్టుకోకపోతే ఏదో ఒక పేరు చెప్పి మీ సిస్టమ్‌లోకి నెట్టాలి. ప్రొఫార్మా చూపిస్తే అది బిల్లు కాదు కదా అన్నాడు. కాగితం ప్రకారం అతను అన్నది నిజమే. కాని వ్యాపారం కాగితం మీదే నడిచి ఉంటే తొమ్మిదేళ్లలో ఎన్నోసార్లు వారు ఫోన్ చేసి, నెలాఖరు టార్గెట్ ఉందన్నా, కొంచెం సరుకు దించుకో అన్నప్పుడు నేను దించుకుని ఉండేవాణ్ని కాదు. ధర పెంచినందుకు నాకు కోపం లేదు, వారికీ పైనుంచి పెరిగింది. స్టాక్ వచ్చి కూడా రాలేదని చెప్పినందుకు, అందులోనూ రెండుసార్లు చెప్పినందుకు మనసు విరిగింది. కట్టిన సొమ్ము వెనక్కి తీసుకుని వచ్చేశాను.

ఆ రాత్రి, తర్వాతి మూడు రాత్రులు నాకు నిద్ర లేదు. మా లెక్కలు చూసేది మా తమ్ముడు. బయటి డీలర్ల దగ్గర అవే కార్డులు కొంటే ఒక్కోదానికి ఏడు వేల రూపాయల పైచిలుకు ఎక్కువ పడుతుందనీ, ఆ తేడాలో సగమైనా కస్టమర్లను అడగడంలో తప్పు లేదనీ, మొత్తం మనమే మోస్తే నెల రోజుల సంపాదన పోతుందనీ వాడు లెక్క వేసి చూపించాడు. అడ్వాన్స్ రసీదు మీద ధరలు మారవచ్చు అని అచ్చువేసి ఉందని కూడా గుర్తు చేశాడు. వాడు చెప్పినదాంట్లో తప్పు లేదు. నేను సగం ఒప్పుకుని, మొదటి ఫోన్ కరీంనగర్‌కు చేశాను. ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్న అబ్బాయి తండ్రి ఎత్తారు. కార్డు ధర పెరిగిందండి అని నేను అనగానే ఆయన కోప్పడలేదు, బేరం ఆడలేదు. "దీపావళికే కొందామనుకున్నాం సార్, మీరు చెప్పారని ఆగాం" అని మాత్రం అన్నారు. నేను తేడా సంగతి ఎత్తకుండానే, ఆలస్యమైనా పాత ధరకే వస్తుందని చెప్పి ఫోన్ పెట్టేశాను. ఒకరికి ఆ మాట ఇచ్చాక మిగిలిన పదిమందికి వేరే మాట చెప్పడం నా వల్ల కాదు. తమ్ముడు ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడటం లేదు. నేను చేసింది తెలివైన పని అని వాడితో వాదించను, కాని మళ్లీ ఆ పరిస్థితి వచ్చినా అదే చేస్తాను.

11 మందిలో ఏడుగురికి నలుగురు డీలర్ల దగ్గర ఒకటీ రెండూ ఏరి కార్డులు ఇచ్చాను. ఇద్దరు ఏఎండీ ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ 16 జీబీకి మారడానికి ఒప్పుకున్నారు, తగ్గిన తేడా వారికి తిరిగి ఇచ్చాను. ఇద్దరు ఇంకా ఎదురుచూస్తున్నారు.

అసలు ధరలు ఎప్పటికైనా తగ్గుతాయా అన్న ప్రశ్నకు ఈసారి జాగ్రత్తగా సమాధానం చెబుతాను. మెమరీ వల్ల పెరిగిన భాగం తగ్గుతుందనే నమ్ముతున్నాను. మెమరీ వ్యాపారం ఎప్పుడూ ఎత్తుపల్లాల వ్యాపారమే. 2018లో మండిన ధరలు 2019లో కూలాయి, 2022లోనూ 2023లోనూ మళ్లీ కూలాయి. కాని కొత్త ఫ్యాక్టరీ కట్టి వేఫర్లు బయటికి రావడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి 2026లోనే దిగుతాయని నేను అనుకోవడం లేదు. గుజరాత్‌లోని సాణంద్‌లో మైక్రాన్ పెట్టిన ప్లాంటు వల్ల మనకు చవకవుతుందా అని కొందరు అడుగుతున్నారు. అక్కడ జరిగేది చిప్పుల అసెంబ్లీ, పరీక్ష మాత్రమే, సిలికాన్ వేఫర్ తయారయ్యేది అక్కడ కాదు. మైనింగ్ కాలంతో పోల్చి ఆశ పెట్టుకోవడం కూడా నేను చేసిన పొరపాటే. అప్పుడు మనతో పోటీపడిన కొనుగోలుదారులు ఒక్క మార్పుతో మాయమయ్యారు. ఇప్పటి పోటీ ఎంతటిదో ఎన్విడియా లెక్కల్లోనే కనిపిస్తుంది: 2025 జనవరితో ముగిసిన సంవత్సరంలో ఆ కంపెనీకి గేమింగ్ మీద వచ్చింది సుమారు 1,135 కోట్ల డాలర్లు, డేటా సెంటర్ల మీద వచ్చింది సుమారు 11,500 కోట్ల డాలర్లు. నాలుగేళ్ల ముందు గేమింగే పెద్దది. ఉన్న చిప్పుల్లో ఎవరికి ముందు ఇస్తారో నేను విడమరచి చెప్పనక్కరలేదు.

పెరుగుదలలో మిగిలిన భాగం మాత్రం తగ్గదు. చిప్పుల ధర కాలంతో పాటు దిగుతుందన్నది గడిచిన కథ అని ఎన్విడియా అధిపతి జెన్సన్ హువాంగ్ 2022 సెప్టెంబరులోనే చెప్పారు. 2017లో అప్పటి మేటి గేమింగ్ కార్డు జీటీఎక్స్ 1080 టీఐ 699 డాలర్లు, 2025లో ఆర్‌టీఎక్స్ 5090 1,999 డాలర్లు. మధ్యతరగతి కార్డుల్లో పెరుగుదల మరో రూపంలో వచ్చింది: 329 డాలర్ల 3060లో 12 జీబీ మెమరీ ఉండగా, నాలుగేళ్ల తర్వాత 299 డాలర్లకు వచ్చిన 5060లో 8 జీబీయే ఉంది. దానికి మన రూపాయి తోడైంది. 299 డాలర్ల కార్డుకు, డాలరు 73 రూపాయలు ఉన్నప్పుడు 18 శాతం జీఎస్టీ కలిపితే సుమారు 25,750 రూపాయలు. డాలరు 90 అయితే సుమారు 31,750. ఈ ఆరు వేలు కంపెనీ, డిస్ట్రిబ్యూటర్, నేను ఎవరమూ తినకుండానే పెరిగినవి.

కాబట్టి ఇకమీదట ఫలానా పండుగ దాకా ఆగండి అని నేను ఎవరికీ చెప్పను. మీ పాత కార్డు మీ ఆటలను నడిపిస్తున్నంత కాలం దాన్నే నిలుపుకోండి. మా దగ్గర కొన్నదైతే దుమ్ము తీసి, చిప్పు వేడిని బయటికి లాగే థర్మల్ పేస్టు, ప్యాడ్లు మార్చినందుకు కూలి తీసుకోను, సరుకు ఖరీదు ఇస్తే చాలు. అది పూర్తిగా పోయి తప్పనిసరిగా కొనవలసి వస్తే మాత్రం ఈ రోజు ధరకే లెక్క వేసుకోండి. కార్డు నా అల్మరాలో ఉంటేనే అడ్వాన్స్ తీసుకుంటాను, పెట్టె మీది సీరియల్ నంబరు ఫొటో ముందే మీకు పంపుతాను, ఆ నంబరు బిల్లులో ఉంటుంది. రేటు మూడు రోజులు ఖాయంగా ఉంటుంది, రసీదు మీది ధరలు మారవచ్చు అన్న వాక్యాన్ని తీయించేశాను. కార్డుతో పాటు మరేదీ కొనమని ఎవరినీ అడగను.

సంక్రాంతి తర్వాత ఆ డిస్ట్రిబ్యూటర్ నుంచి రెండుసార్లు ఫోన్ వచ్చింది, ఇప్పుడు స్టాక్ ఉందన్నారు. వద్దన్నాను. దీనివల్ల కొన్ని మోడళ్లు మా దగ్గర ఆలస్యంగా దొరుకుతాయి, అవి వేరే చోట ముందుగా కనిపిస్తే అక్కడే తీసుకోండి, నేను ఏమీ అనుకోను, బిగించి ఇవ్వడానికి మా దగ్గరికే తీసుకురండి. ఎదురుచూస్తున్న ఆ ఇద్దరి కార్డుల కోసం చెన్నైలోని ఒక డీలరుకు పూర్తి సొమ్ము పంపాను. పార్శిల్ చేతికి రాగానే పెట్టెలు తెరవకుండా ఫొటో తీసి వారి ఇద్దరికీ పంపుతాను.