ఆరు అడ్డం, మూడు గళ్లు

విజయనగరం,
ఆదివారం

చిరంజీవి చిన్నమ్మలుకు నాన్న ఆశీస్సులు.

నిన్న ఫోనులో, పత్రికలోని గళ్ల నుడికట్టు గురించి "ఆరు అడ్డం ఏమిటి నాన్నా?" అని అడిగావు. చెబితే ఒక్క మాటతో అయిపోయేది. జవాబు ఎలాగూ పత్రికవాళ్లే వేస్తారు, దారి మాత్రం వేయరు. అందుకే ఈ ఉత్తరం.

ఆధారం మళ్లీ చదువు: "తొనలు నోటికి, మొద్దు చెవికి (3)."

మొద్దు, చెవి పక్కపక్కన కనబడేసరికి నీ ఆలోచన చెవుడు మీదికి పోయి ఉంటుంది. రాసినవాడు కోరుకున్నదీ అదే. ఆ రెండు మాటలనూ విడదీసి, మధ్యలో ఉన్న కామాను నమ్ము. ముందు సగం ఒక ఉపయోగం చెబుతోంది, వెనక సగం ఇంకొకటి. రెండూ ఒకే దానివి.

మీ అమ్మ వంటింట్లోంచే "నారింజ" అని తేల్చేసింది. తొనలున్నాయి, గళ్లూ మూడే. ఆ లెక్కన బత్తాయి, కమలా కూడా మూడే. మరి నారింజ మొద్దుతో చెవికేం పని? ఆధారంలో ఒక్క మాట పనిలేకుండా మిగిలిపోయినా ఆ జవాబును పెన్నుతో రాయకూడదంటాను నేను. మీ అమ్మ ఈ నియమం ఏనాడూ ఒప్పుకోలేదు.

మన రెండో గడి నుంచి ఏడు నిలువు దిగుతుంది: "తలకిందులైనా మారని అభినయం (3)." నటన. కిందినుంచి చదివినా నటనే. అంటే మన పదానికి నడిమి అక్షరం "న". 1913 డిసెంబరులో ఆర్థర్ విన్ న్యూయార్క్ వరల్డ్ పత్రికలో మొదటి గళ్లు వేసినప్పుడు హల్లుకో గడి, అచ్చుకో గడి. మనకు గుణింతం, ఒత్తు, సున్నా అన్నీ ఒకే గడిలో ఇమడాలి. "న" ఉన్నచోట "నా" పట్టదు, "రిం" అసలే పట్టదు. కాబట్టి తెలుగులో ఒక్క అక్షరం ఖాయమైనా చాలా పేర్లు రాలిపోతాయి. నారింజ, బత్తాయి, కమలా మూడూ ఆ ఒక్క "న"తో పోయాయి.

ఇక మిగిలింది పనస. తొనల సంగతి సరే, మొద్దు మాటేమిటి? బొబ్బిలి వీణ దేనితో చేస్తారు? గుండ్రటి కుండ, పొడవాటి దండి వేరువేరుగా చేసి అతికించకుండా ఒకే పనస మొద్దును తొలిచి చేస్తే అది ఏకాండి వీణ. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో ఇప్పటికీ చెక్కుతున్నారు. 1919లో పెట్టిన మన సంగీత కళాశాల ముందునుంచే రోజూ స్కూలుకు వెళ్లావు కదా, ఈ సగమే నీకు ముందు తట్టాల్సింది! బొబ్బిలి పేరు వినని వాళ్లకూ అన్యాయం జరగలేదులే, మృదంగం కట్టెకూ పనసే వాడతారు.

నాకు నచ్చిన ఆధారమే గానీ ఒక్క అభ్యంతరం ఉంది. "తొనలు" అనగానే పండు దొరికిపోతోంది. నేనైతే "గింజలు కూరకి" అని రాసి ఇంకో పూట తిప్పలు పెట్టేవాణ్ని. ఈ మాట అన్నందుకు మీ అమ్మ, "అయితే మీరే ఒకటి రాయండి" అంది. రాశాను. నీ మీదే మొదటి ప్రయోగం.

నిలువు: "కలిమి చెట్టెక్కి మూడుసార్లు కోట దాకా వెళ్లి వస్తుంది (4)."

ఇది నిలువుగానే వేయాలి, అడ్డంగా వేస్తే "ఎక్కి" అన్న మాట దండగైపోతుంది. ఫోనులో వెతకవద్దు, మీ అమ్మను అడగవద్దు. ఆవిడ అప్పుడే చెప్పేసింది, అదీ తాళింపు వేస్తూనే. నీ జవాబు, ఏ మాట ఏ పని చేసిందో వివరంతో సహా, కార్డు మీద రాసి పంపు.

మీ నాన్న