తుక్కుకు పంపే ముందు ఒకసారి టేపు పట్టండి

సంపాదకుల వారికి,

నమస్కారం. పదిహేనేళ్లు దాటిన బండ్ల రిజిస్ట్రేషన్, ఫిట్‌నెస్ పరీక్ష, తుక్కు విధానం గురించి మీ పత్రికలో తరచూ చదువుతున్నాను. బండి ఇచ్చేయడానికి ఏయే కాగితాలు కావాలో వివరంగా రాస్తున్నారు. ఇచ్చేముందు చేసుకోవాల్సిన పని మరొకటి ఉంది. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

నేను 1978లో నీటిపారుదల శాఖలో ట్రేసర్‌గా చేరి, డ్రాఫ్ట్స్‌మన్‌గా రిటైరయ్యాను. కాలువలు, లాకులు, వంతెనల డ్రాయింగులను ట్రేసింగ్ క్లాత్ (కింది గీతలు కనబడే పల్చటి గుడ్డ) మీదికి ఎత్తడం నా ఉద్యోగం. స్కేలు అనే మాట నాకు అన్నం పెట్టింది.

మా మొదటి కారు 1993 మోడల్ తెల్ల మారుతి 800. 1996లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. మావారికి డ్రైవింగ్ మీద మనసు లేదు, నేనే నేర్చుకున్నాను. అప్పటికి నాకు 38 ఏళ్లు. ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డు మీద ముందు బండి ఆగిపోతే, హ్యాండ్ బ్రేక్ లాగి, హాఫ్ క్లచ్‌లో మళ్లీ కదిలించిన రోజు టెన్షన్ ఇంకా నా కాళ్లకు గుర్తుంది. పక్క సీట్లో మావారు ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. నా మీద ఆయనకు అంత నమ్మకం.

ఆయన పోయి నాలుగేళ్లయింది. కారు షెడ్డులోనే ఉండి కింద రేకు తుప్పు పట్టిపోయింది. కిందటేడు తుక్కుకు ఇవ్వక తప్పలేదు. ఇచ్చేముందు దాని చిన్న నమూనా బొమ్మ ఒకటి చేసుకుందామనుకున్నాను. అసలు కారులో పద్దెనిమిదో వంతు స్కేలు పెట్టుకున్నాను.

మొదటి ప్రయత్నం చెడిపోయింది. సెల్‌ఫోన్‌తో ఫొటోలు తీసి, వాటి మీద కొలిచి థర్మోకోల్ కోశాను. దగ్గర నుంచి తీసిన ఫొటోలో ముందుభాగం ఉబ్బి, వెనకభాగం కుదించుకుపోతుంది. బొమ్మ పూర్తయ్యాక చూస్తే అది మా కారు కాదు. కారు ఇంకా ఇంట్లోనే ఉంది కాబట్టి, చీర కొంగు దోపుకుని స్టీలు టేపుతో మళ్లీ మొదలుపెట్టాను.

ముందు టైర్లలో గాలి కొట్టించాను. గాలి లేని బండి ఎత్తు కొలిస్తే ప్రతి లెక్కా తప్పుతుంది. తర్వాత తాపీమేస్త్రీల లాగా దారానికి గుండు కట్టి, కారు అంచుల నుంచి నేలమీదికి దింపి, తాకిన ప్రతిచోటా సుద్దముక్కతో గుర్తు పెట్టాను. బండిని పక్కకు తోయించాక నేలమీద దాని ప్లాను మొత్తం కనబడింది. కంపెనీ లెక్క ప్రకారం పొడవు 3335 మిల్లీమీటర్లు. నాకు 3331 వచ్చింది. బంపర్ ఎప్పుడో లోపలికి నొక్కుకుపోయింది కదా! నేను 3331నే తీసుకున్నాను. స్కేలులో అది 185 మిల్లీమీటర్లు. వెడల్పు 1440, అంటే సరిగ్గా 80. బానెట్ వంపు కోసం సాల్డరింగ్ తీగను దానిమీద ఆనించి వంచి, ఆ వంపును కాగితం మీదికి ఎత్తాను.

చెక్క కోసం కొండపల్లి వెళ్లాను. కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి చెక్క ఎంత తేలికో చేత్తో పట్టుకుంటేగాని తెలియదు. అక్కడి పెద్దాయన ఒకరు చెక్కను సెగ మీద ఎలా ఆరబెట్టాలో చూపించారు. చింతపిక్కల పొడి, రంపపు పొట్టు కలిపి మక్కు, అంటే అతికించే ముద్ద, చేసి ఇచ్చారు. అద్దాల స్తంభాలు అతికింది ఆ మక్కుతోనే.

చక్రం మందం బొమ్మలో 8 మిల్లీమీటర్లు. పాత హవాయి చెప్పు మడమ దగ్గర అరిగి సరిగ్గా అంత మందమే ఉంది. చిన్నప్పుడు మా అన్నయ్య చెప్పు ముక్కలతో బండి చక్రాలు కోసిచ్చేవాడు, అదే విద్య. కిటికీలకు చొక్కా డబ్బా మీది ప్లాస్టిక్ వాడాను. తలుపుల సందులు చెక్కితే రంగు వేయగానే పూడిపోయాయి. అసలు కారులో ఆ సందు నాలుగు మిల్లీమీటర్లు, బొమ్మలో ఇంచుమించు 0.2. నా పాత ట్రేసింగ్ పెన్నుల్లో 0.2 పెన్ను ఉంది. ఆఫీసులో కాలువ గట్లు గీసిన పెన్నుతోనే తలుపులు గీశాను. గీస్తున్నంతసేపూ మావారు పక్కనే ఉన్నట్టనిపించింది.

2004 పుష్కరాల రద్దీలో వెనక తలుపుకు పడిన సొట్ట కూడా పెట్టాను. మా అబ్బాయి వద్దన్నాడు. ఆ సొట్ట లేకపోతే అది ఎవరి మారుతి అయినా కావచ్చు.

నా పొరపాటు ఇంకొకటి చెప్పాలి. బయటంతా కొలిచి, లోపల కొలవడం మర్చిపోయాను. డ్యాష్‌బోర్డు, సీటు కుట్లు, తలుపు లోపలి పిడి, దేనికీ కొలతలు లేవు. ఇరవై ఐదేళ్ల ఫొటోల్లో ఒక్కటి కూడా లోపల తీసింది లేదు. అప్పటికి కారు వెళ్లిపోయింది. టేపు పట్టుకుని ఆటోనగర్ షెడ్లన్నీ తిరిగాను. మూడో రోజు ఒక కుర్రాడు, "రండమ్మా, ఈ బండి సాయంత్రం దాకా ఇక్కడే ఉంటుంది" అని పాత 800 తలుపు తీసిపెట్టాడు. అయినా అది మా సీటు కాదు. మా సీటు కవరు కుట్లు నేను గుర్తున్నంతవరకే వేశాను.

అందుకే పాఠకులను అడుగుతున్నాను. మీ మొదటి బండి, కారైనా స్కూటరైనా, ఇంకా ఇంట్లో ఉంటే ఈ ఆదివారమే కొలవండి. లోపలి నుంచి మొదలుపెట్టండి. ఫొటోలు దూరం నుంచి జూమ్ చేసి తీయండి. బొమ్మ పదేళ్ల తర్వాత చేసుకున్నా ఫరవాలేదు, కొలతలు మాత్రం ఇప్పుడే కావాలి.

మీకూ ఒక విన్నపం. కొండపల్లిలో నేను తిరిగిన దుకాణాల్లో ఎడ్లబండి ఉంది, అంబారీ ఏనుగు ఉంది. మన ఇళ్ల ముందు నిలబడ్డ కారు లేదు. మారుతి 800 డ్రాయింగులు ముందు, వెనక, పక్క, పై నుంచి స్కేలు ప్రకారం గీసి ఉంచాను, మొత్తం మూడు షీట్లు. మీ ఆదివారం అనుబంధంలో అరపేజీ కేటాయిస్తే ఉచితంగా ఇస్తాను. కొండపల్లి కళాకారులు ఎవరైనా చేసి అమ్ముకుంటామన్నా సంతోషంగా ఇస్తాను. లోపలి కొలతల షీటు మీద "ఇది వేరే బండిది" అని రాసిపెట్టాను. దాన్ని అలాగే అచ్చు వేయండి.

ఇట్లు,
విశ్రాంత డ్రాఫ్ట్స్‌మన్, విజయవాడ