మన గుమ్మం తొక్కని సర్వే

సంపాదకులకు నమస్కారం.

దేశంలో వయోజనుల్లో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని పత్రికల్లో తరచు చదువుతుంటాం. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య, నాడీ విజ్ఞాన సంస్థ (నిమ్హాన్స్) 2015-16లో నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో తేలిన లెక్క అది. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణా లేదు. కొన్ని రాష్ట్రాలను నమూనాగా తీసుకుని దేశానికి అంచనా కట్టడాన్ని నేను తప్పుపట్టను. అయితే అదే సర్వేలో అస్సాంలో 5.8 శాతం, మణిపుర్‌లో 14.1 శాతం వచ్చినప్పుడు, పొరుగు రాష్ట్రాల అంకెలు చూసి మన సంగతి ఊహించుకోవడం కుదరదు.

పోనీ ఆస్పత్రి రికార్డులు చూద్దామా అంటే, సాధారణ మానసిక సమస్యలున్నవారిలో 85 శాతం మందికి చికిత్సే అందడం లేదని ఆ నివేదికే చెప్పింది. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు వెళ్తూ, ఆటోవాడికి ఆ పేరు చెప్పలేక పక్క సందు పేరు చెప్పి దిగేవాళ్లను నేనెరుగుదును.

ఉపాధ్యాయుడిగా 2011 జనాభా లెక్కలకు తిరిగాను. వైకల్యాల ప్రశ్నలో మానసిక వ్యాధి కూడా ఉండేది. జాలరిపేటలో ఒక అరుగు మీద కూర్చుని అది అడగ్గానే, ‘మా ఇంట పిచ్చోళ్లెవరూ లేరు బాబూ’ అని ఆ ఇల్లాలు చర్రుమంది. నేను కాగితాలు సర్దుకుంటుంటే మంచినీళ్లిచ్చి, వేటకెళ్లిన భర్త తిరిగిరానప్పటినుంచి కన్ను మూతపడటం లేదనీ, గాలి హోరెత్తితే గుండె దడదడలాడి వాకిట్లోకొచ్చి కూర్చుంటాననీ తనే చెప్పుకొచ్చింది. ఫారంలో మాత్రం అప్పటికే ‘లేదు’ అని రాసేశాను. అడిగింది వైకల్యం గురించి కనుక అది తప్పు కాకపోవచ్చు గానీ, ఆ గ్లాసు నీళ్లు నాకింకా గుర్తున్నాయి.

నిమ్హాన్స్ సర్వేలో జబ్బు పేరు పెట్టి కాక, నిద్ర, దిగులు, ఆసక్తి తగ్గడం వంటి లక్షణాలను ఒక్కొక్కటిగా అడిగారు. అదే సరైన పద్ధతి. మన రాష్ట్రంలో అడిగేటప్పుడు ఆ ప్రశ్నలు పుస్తకాల తెలుగులో కాక గాబరా, బెంగ, దడ వంటి మాటల్లో ఉండాలి. కోడలిని అడిగితే అత్తగారు జవాబివ్వకుండా విడిగా కూర్చోబెట్టి మాట్లాడాలి. మత్స్యకారుల పేటల్లోనైతే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉండే రోజుల్లోనే ఈ పని పెట్టుకోవాలని మనవి. మగవాళ్లు ఇళ్ల దగ్గర దొరికేది అప్పుడే.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, విశాఖపట్నం