భూతానికి తెలుగు నేర్పరూ!

సంపాదకులకు,

నమస్కారం. పిల్లలకు సెలవులిచ్చారంటే మీ పేపర్లో సెల్‌ఫోన్ల గురించి ఒక్క వ్యాసమైనా వస్తుంది. ఏవేవి చూడనివ్వకూడదో అందులో వివరంగానే ఉంటుంది. చూడనివ్వదగ్గవి తెలుగులో ఎక్కడ దొరుకుతాయో మాత్రం ఎవరూ చెప్పరు. ఆ బాధతోనే ఈ ఉత్తరం.

మొన్న ఆదివారం నాలుగో తరగతి చదివే నా మనవరాలు టీవీలో ఒక పాత కార్టూన్ పెట్టుకుంది. పాపాయ్ అల్లావుద్దీన్ వేషం వేసిన సినిమా. పాపాయ్ అంటే తెలుసుగా, నోట్లో పైపు, ఒంటి కన్ను, పాలకూర డబ్బా ఖాళీ కాగానే పూనకం వచ్చినట్టు విరుచుకుపడే నావికుడు. మన హైదరాబాద్‌లో పుట్టిన ఛోటా భీమ్‌కి లడ్డూ ఎలాగో ఈయనకి పాలకూర అలాగ. మొదటి ఐదు నిమిషాలు పిల్ల పడీపడీ నవ్వింది. ఆ తర్వాత మొదలైంది: "తాతయ్యా, ఇప్పుడేమన్నాడు? ఎందుకట్లా అన్నాడు?" పాతికేళ్లు డబ్బింగ్ సినిమాలకు మాటలు రాసినవాణ్ణి. సోఫాలో కూర్చుని పాపాయ్ గొంతూ, ఆయన ప్రియురాలు ఆలివ్ ఆయిల్ గొంతూ, భూతం గొంతూ నేనే పలికాను. అయిపోయేసరికి గొంతు పోయింది.

ఈ సినిమా 1939 ఏప్రిల్‌లో విడుదలైంది. మన గూడవల్లి రామబ్రహ్మం గారి 'రైతుబిడ్డ' వచ్చిన ఏడాదే. మాక్స్ ఫ్లైషర్ నిర్మాత, ఆయన తమ్ముడు డేవ్ దర్శకుడు, పారమౌంట్ పంపిణీ. అప్పట్లో పాపాయ్ కార్టూన్లు నలుపు తెలుపులో ఆరేడు నిమిషాలుండేవి. అరేబియన్ నైట్స్ కథలకు మాత్రం వాళ్లు గట్టిగా ఖర్చుపెట్టి టెక్నికలర్‌లో రెండేసి రీళ్లు తీశారు. 1936లో సింద్‌బాద్, 1937లో ఆలీబాబా, చివరికి ఇది. ఇరవై నిమిషాలు దాటి ఉంటుంది. ఇందులో ఆలివ్ ఆయిల్ ఒక సినిమా కంపెనీలో స్క్రిప్ట్ రైటర్. టైప్‌రైటర్ ముందు కూర్చుని కథ అల్లుతూ రాకుమారి వేషం తనకే ఇచ్చుకుంటుంది, హీరో వేషం పాపాయ్‌కి ఇస్తుంది. రైటర్లం ఎవరమైనా అదే పని చేస్తాం, కాకపోతే ఒప్పుకోం.

ఇక అసలు విషయం. ఈ సినిమా ఈరోజు ఎవరి సొత్తూ కాదు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం 28 ఏళ్లు నిండేసరికి హక్కుల్ని రెన్యువల్ చేయించుకోవాలి. హక్కుదారులు చేయించలేదు, 1967తో గడువు అయిపోయింది. మన చట్టంలోనూ సినిమాకు హక్కులు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లే, ఆ లెక్కన చూసినా 1999తో చెల్లు. (ఈ 60 కూడా మొదట 50గానే ఉండేది. రవీంద్రనాథ్ టాగూర్ రచనల గడువు 1991తో ముగియబోతుంటే పదేళ్లు పెంచారు.) పాపాయ్ బొమ్మ గీసిన సీగర్ 1938లోనే పోయారు. 1929లో కామిక్‌లో పుట్టిన ఆ పాత్ర అమెరికాలో 2025 జనవరి 1న అందరిదీ అయింది. అవగానే అక్కడివాళ్లు చేసిన మొదటి ఘనకార్యం పాపాయ్‌తో రక్తం కారే హారర్ సినిమాలు తీయడం! పాపాయ్ పేరును బ్యాగుల మీదా బ్రష్షుల మీదా వేసి అమ్ముకోవడం వేరే సంగతి, ట్రేడ్‌మార్క్ గొడవలు ఉంటాయి. నేనడిగేది సింద్‌బాద్, ఆలీబాబాలతో కలిపి ఈ మూడు సినిమాలకి తెలుగు మాటలు మాత్రమే.

ఎవరి సొత్తూ కానిది ఎవరికీ పట్టదని నాకు కొన్నేళ్ల కిందటే తెలిసింది. పిల్లల కార్యక్రమాలు వేసే ఒక చానల్‌లో పనిచేస్తున్నప్పుడు ఈ మూడు సినిమాల ప్రస్తావన తెచ్చాను. అక్కడి పెద్దమనిషి నవ్వి, "మనం డబ్బింగ్ చేయించి వేస్తే రేపు పక్క చానల్‌వాడు కూడా ఇంకో డబ్బింగ్ చేసి వేస్తాడు. ఎక్స్‌క్లూజివ్ కానిది మనకెందుకండీ?" అన్నారు. వ్యాపారం లెక్కలో ఆయన మాటే రైటు. ఊరుమ్మడి చెరువుకి పూడిక తీయించమంటే ఆసామి ఎందుకు తీయిస్తాడు? అది పంచాయతీ పని. అందుకే దూరదర్శన్‌ని అడుగుతున్నాను. హైదరాబాద్‌లో యాదగిరి, విజయవాడలో సప్తగిరి అని రెండు తెలుగు చానళ్లున్నాయి. పైగా 2024 నవంబర్‌లో ప్రసార భారతి 'వేవ్స్' అని ఓటీటీ కూడా పెట్టింది. అర్ధగంట స్లాట్ పట్టదా?

పని తేలికని అబద్ధమాడను. ఆ కాలం సినిమాలకు ఎం అండ్ ఈ ట్రాక్, అంటే మాటలు లేకుండా సంగీతం, చప్పుళ్లు మాత్రమే ఉండే ట్రాక్, మన చేతికి రాదు. ఇంగ్లీషు మాట తీసేస్తే దాంతోపాటు సంగీతమూ పోతుంది. నిన్నమొన్నటిదాకా ఇది పెద్ద అడ్డంకే, ఇప్పుడు గొంతునీ సంగీతాన్నీ విడదీసే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. ఇంటర్నెట్‌లో తిరిగే ప్రింట్లలో చాలావాటికి రంగులు వెలిసిపోయాయి కాబట్టి మంచి కాపీ వెతకాలి. ఇవి పోను మిగిలింది మా పనే, అది హాయిగా ఉంటుంది. మామూలు డబ్బింగ్‌లో ప, బ, మ దగ్గర పెదవి మూసుకునే చోటల్లా మా ప్రాణం పోతుంది. పాపాయ్‌కి ఆ బెంగ తక్కువ. ఆయనకి గొంతిచ్చిన జాక్ మెర్సర్ బొమ్మ తయారయ్యాక మైకు ముందు నిలబడి అప్పటికప్పుడు తోచింది గొణిగేవాడు. అందుకే పాపాయ్ కార్టూన్లలో చాలాచోట్ల పెదవి కదలకుండానే మాట వినిపిస్తుంది. తెలుగువాడికి గొణగడం నేర్పాలా?

చిక్కంతా జోకుల దగ్గర. రాకుమారి ముందు నిలబడి పాపాయ్, టెక్నికలర్‌లో ప్రేమించడం తనకిదే మొదటిసారని సిగ్గుపడతాడు. ఆనాటి హాలు గొల్లుమని ఉంటుంది, ఎందుకంటే అన్నాళ్లూ ఆయన్ని ఎక్కువగా నలుపు తెలుపులోనే చూశారు. నేను దాన్ని "ఇన్నాళ్లూ బ్లాక్ అండ్ వైట్‌లోనే ప్రేమించానమ్మా" అని మార్చి చెబితే మా పిల్ల, "అంటే ఫిల్టరా తాతయ్యా?" అంది. ఆ మాటకి ఇంకా దారి దొరకలేదు. దీపం పోయే ఘట్టం మాత్రం చక్కగా కుదిరింది. కథలో మాంత్రికుడు పాత దీపాలకు కొత్త దీపాలిస్తానని వీధిలో అరుస్తాడని చెబుతుంటే, సరిగ్గా అప్పుడే మా సందులో ఆటో మైకు, "పాత ఇనప సామాన్లు కొంటాం, పాత కూలర్లు కొంటాం..." పిల్ల పరుగెత్తుకెళ్లి గేటు గడియ పెట్టొచ్చింది.

తలపాగా, గడ్డం కనబడితే దుర్మార్గుడే అనే పాత హాలీవుడ్ జబ్బు ఇందులోనూ ఉంది. దాచక్కర్లేదు, ముందు ఒక మాట చెప్పి చూపించాలి.

అల్లావుద్దీన్ కథే ఒక డబ్బింగ్ కథ. వెయ్యిన్నొక్క రాత్రుల (అదే, అరేబియన్ నైట్స్) పాత అరబ్బీ ప్రతుల్లో ఇది లేదు. సిరియాలోని అలెప్పో నుంచి వచ్చిన హన్నా దియాబ్ అనే కుర్రాడు 1709లో పారిస్‌లో, ఆ కథల్ని ఫ్రెంచిలోకి తెస్తున్న ఆంత్వాన్ గాలాఁకి ఇది చెప్పాడు. ఆయన ఫ్రెంచిలో రాసి అచ్చువేశాడు. అరబ్బీలోకి ఆ తర్వాత ఫ్రెంచి నుంచే వెళ్లింది. కథ జరిగేది చైనాలో. పుస్తకంలో దియాబ్ పేరు ఎక్కడా వేయలేదు. ఇది చదివిన రోజున నాకు నిద్రపట్టలేదు. నేను మాటలు రాసిన సినిమాల్లో టైటిల్స్‌లో నా పేరు పడినవి ఒక చేతి వేళ్లకు సరిపోతాయి మరి.

కాబట్టి దూరదర్శన్ తెలుగు చానళ్లవారు ఈ మూడు సినిమాలకూ తెలుగు మాటలు రాయించి ప్రసారం చేయాలని, తర్వాత ఆ డబ్బింగ్‌ను కూడా తాళం వేయకుండా బడులకు, గ్రంథాలయాలకు ఉచితంగా ఇవ్వాలని నా మనవి. నాలుగు ప్రధాన గొంతులు, కొంచెం క్రౌడ్. సినిమాకి రెండు కాల్షీట్లకు మించి పట్టదు. మంత్రులు మాటకు ముందు "మా దగ్గర అల్లావుద్దీన్ అద్భుత దీపమేమైనా ఉందా" అంటుంటారు. ఇదిగో ఉంది, అదీ ఉచితంగా.

నా వంతు పని నేను మొదలుపెట్టాను, పైసా అడగను. మొదటి రీలు రాసేశాను. దీపంలోంచి వచ్చేవాణ్ణి ఏమనాలనే దగ్గర మాత్రం పేచీ పడింది. చందమామ చదివి పెరిగిన నాకు వాడు భూతమే. మా పిల్ల మాత్రం జీనీ అనకపోతే వినేది లేదని కాగితం మీద భూతం అన్నచోటల్లా కొట్టేసింది. మీ పాఠకులు తీర్పు చెబితే రెండో రీలు మొదలుపెడతాను.

ఇట్లు,
ఒక పాత డబ్బింగ్ రైటర్,
యూసుఫ్‌గూడ, హైదరాబాద్.